గోటికి తిరిగిన పేజీ

పుస్తకంలో అక్షరాలు అలికేసినట్టు కనపడుతున్నాయని మా అక్క అన్న ఏడాది, మా ఇంట్లోని పాత కంప్యూటర్‌కి టచ్ స్క్రీన్ మానిటర్ కోసం తిరిగాను.

అక్క చిన్నప్పటి నుంచి మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లింది. చదవడం యాభై దాటాక నా దగ్గర నేర్చుకుంది. నేనూ పదో తరగతితో ఆగినవాణ్నే. ఆ పైన తెలిసినదంతా నరసరావుపేట లైబ్రరీలో బీరువా తర్వాత బీరువా చదివి తెలుసుకున్నది. నాకున్న ఒకే ఒక్క శిష్యురాలు అక్క.

అక్షరం పెద్దదైతే చదవగలదని కంటి డాక్టరు చెప్పాడు. కంప్యూటర్‌లో దాచుకున్న కథల పుస్తకాలను బెత్తెడు అక్షరాలతో తెరిచి పెట్టాను. చదివింది. పేజీ తిప్పడమే రాలేదు. మౌస్ బాణం ఆమెకు కనపడదు. కీబోర్డు మీట మీద బొట్టుబిళ్ల అంటించినా, పక్క మీట తగిలి పుస్తకమే మూసుకుపోయేది. ప్రతి పేజీకీ నన్ను పిలవాలి.

"ఒరేయ్, ఇట్టా పేజీ పేజీకి నిన్ను బతిమాలుకునే కన్నా చదవడం మానేస్తాలేరా," అంది ఒకరోజు. ఆ మాటకు నాకు అన్నం సహించలేదు.

మర్నాడే ఇద్దరం కంప్యూటర్ల షాపుకి వెళ్లాం. షాపతను మా కంప్యూటర్ వయసు విని నవ్వాడు.

"బాబాయ్, దాన్ని పాత సామాన్లోళ్లకి ఇచ్చెయ్."

"నా పుస్తకాలన్నీ దాంట్లోనే ఉన్నాయి నాయనా. తెర ఒక్కటి చాలు."

కొత్త మానిటర్ ఒకటి వెలిగించాడు. అక్క వేలు పెట్టింది. కదల్లేదు. మళ్లీ పెట్టినా కదల్లేదు. అతను పెడితే మాత్రం బొమ్మ జారింది.

"చూడరా, ఇది కూలిదాని చెయ్యి అని దానిక్కూడా తెలిసిపోయింది," అని అక్క నవ్వింది. దారి పొడుగునా మాత్రం ఆ చేతిని కొంగులో చుట్టుకునే నడిచింది.

తర్వాతి వారం పనుండి పిడుగురాళ్ల వెళ్లి, హైవే పక్క హోటల్లో ఇడ్లీకి కూర్చున్నాను. కౌంటర్లో ఓనరు బిల్లు మిషన్ తెరని పెన్ను వెనక భాగంతో పొడుస్తున్నాడు. పొడిచిన చోటల్లా అది పలుకుతోంది. లైబ్రరీలో చదివిన ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. ఈ రకానికి పైన ఒక పల్చటి పొర, కింద ఇంకొకటి. నొక్కితే రెండూ కలుస్తాయి. దేంతో నొక్కామన్నది దానికి పట్టదు. కొత్త రకం గాజుకైతే చర్మం తగలాలి.

అప్పుడు వెలిగింది. అక్క షాపులో పెట్టింది వేలికొస కాదు, వేలి వెనక గోరు. మిరపకాయల చేత్తో దేన్నీ ముట్టుకోకూడదని అలవాటైన మనిషి. కన్ను దురద పెడితే మోచేత్తో రుద్దుకుంటుంది, పుస్తకం పేజీని గోటితో తిప్పుతుంది. ఇన్నేళ్లు చూస్తూ గమనించలేదు.

"ఏందయ్యా, ఇడ్లీ వదిలేసి నా మిషన్ని చూస్తన్నావ్?" అన్నాడు ఓనరు.

"ఇట్టాంటిది ఇంకోటి ఉందా?"

"పాతదోటి లోపల పడుంది. పొడిస్తే గానీ మాట వినదది."

"నాక్కావాల్సింది అదే."

ఆ పాత తెర కొనుక్కుని ఇంటికొచ్చి, దాని నీలం తలకాయ వైరు కంప్యూటర్‌కి తగిలించాను. బొమ్మ వచ్చింది. అక్క నొక్కింది. చలనం లేదు.

"దీని కంటికీ నేను ఆనలేదురా."

మానిటర్ వెనక్కి తిప్పి చూస్తే ఇంకో వైరు వేలాడుతోంది. మొదటిది బొమ్మను మాత్రమే తెస్తుంది, వేలు ఎక్కడ పడిందో చెప్పేది ఈ రెండోది. అదీ గుచ్చి, కావలసిన ప్రోగ్రాం ఎక్కించాను. ఒకచోట నొక్కితే జానెడు అవతల పలికింది. ఆ ప్రోగ్రామే నాలుగు మూలలా గుర్తులు చూపించి, నొక్కి సరిచూసుకోమంది. వాటిని అక్కతోనే నొక్కించాను. ఆ తర్వాత పేజీ తిరిగింది.

"షాపులో వేలికొస పెట్టుంటే అదీ కదిలేదక్కా," అన్నాను.

"నిన్ను చంకనేసుకు తిరిగినప్పుడు నీ బుగ్గకే తగలనీలేదురా ఈ వేలికొస. గాజుముక్క కోసం ఇప్పుడు మార్చుకోనా?" అని, టక్కుమని ఇంకో పేజీ తిప్పింది.

ఇప్పుడు నన్ను పిలవదు. పొద్దున పూట నేను వరండాలో లైబ్రరీ పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. లోపలి గదిలో టక్కుమంటుంది. నేనూ పేజీ తిప్పుతాను. ఒక్కోసారి ఆమే నాకంటే ముందుంటుంది.