అచ్చులో పడ్డ కాలవ నీళ్లు

ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. గురజాల అవతల ఒక పల్లెలో పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార చూసి, అక్కడి బావి నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో తేల్చాలని పట్టుదల పుట్టింది. ఇంటింటికీ తిరిగి, మీరు తాగే నీళ్లు ఈ సీసాలో పోసివ్వండమ్మా అని అడిగి తెచ్చుకున్నాను. పరీక్ష చేస్తే నీళ్లు భేషుగ్గా ఉన్నాయి. నాకు అనుమానంగానే ఉంది గాని, మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారు సంబరపడిపోయారు. జబ్బు నీళ్లలో లేదు, ఇంకెక్కడో ఉంది, ఇది కొత్త సంగతి అన్నారు. తన పేరు ముందు, నా పేరు వెనక పెట్టి ఒక సైన్సు పత్రికకు వ్యాసం పంపారు. అది ఇట్టే అచ్చయింది.

తర్వాతి ఎండాకాలం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. దాహమేసి, ఒకరింట్లో పెరటి కుండలోంచి నేనే నీళ్లు ముంచుకున్నాను. గుక్క మింగలేకపోయాను, అంత ఉప్పన. ఆ ఇంటావిడ నా చేతిలో గ్లాసు గబుక్కున తీసేసుకుంది. పోయినసారి నా సీసాలో పోసినవి ఇవేనా అని అడిగితే తల దించుకుంది.

“ఇయ్యి మీకెట్టా ఇస్తామమ్మా? చదువు చెప్పే అమ్మగారు మీరు. చుట్టాల బిందెలోయి పోశాం.”

ఆ ఊళ్లో ప్రతి ఇంటా చుట్టాల కోసం ఒక బిందె వేరే ఉంటుందట. ఎక్కడో దూరాన ఉన్న కాలవ నుంచి సైకిలు మీద తెచ్చుకున్న నీళ్లు. ఇంట్లోవాళ్లు వాటిని ముట్టుకోరు. తమ ఊరి నీళ్లు టౌనుకు పోతే నవ్వుతారని అందరూ నా సీసాల్లో అవే పోశారు. నేను పరీక్ష చేసింది కాలవని.

ఆవిడకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చిన్నది చంకలో ఉంది, ఇంకా పళ్లు రాలేదు. ఊరివాళ్లు కుళాయిల కోసం అర్జీ పెట్టుకుంటే, మంచినీళ్ల శాఖ ఆఫీసులో ఇంజినీరు మా వ్యాసమే చూపించి, మీ బావులు బాగున్నాయని పత్రికలోనే పడింది, ఇంటికి పొమ్మన్నాడట.

“పెద్దదాని సంగతి అయిపాయె. ఈ చిన్నదానికన్నా మంచి పళ్లొస్తయ్యేమోనని చానా ఆశగా ఉందమ్మా” అంది.

ఆ రోజే సంపాదకుడికి రాశాను, వ్యాసం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను, ఆ మాట వెంటనే వెయ్యండి అని. నెలల తరబడి జవాబు లేదు. చివరికొక కార్డు వచ్చింది. అచ్చయినదాన్ని ఉపసంహరించే పద్ధతి తమ దగ్గర లేదట. కావాలంటే సవరణ కింద రెండు వాక్యాలు వేస్తారట, దానికి ఇద్దరు రచయితల సంతకాలూ ఉండాలట. వేసుకునేటప్పుడు నీళ్లు ఎవరు ముంచారని ఒక్కరూ అడగలేదు, తీసెయ్యమనేసరికి వాళ్లకు ఎక్కడలేని నియమాలూ గుర్తొచ్చాయి.

ఇక హెడ్డుగారు. ఇవాళ పరీక్షలన్నారు, రేపు ఇన్‌స్పెక్షనన్నారు, కోటప్పకొండ తిరనాళ్ల వెళ్లాక చూద్దామన్నారు. ఆ తిరనాళ్ల వెళ్లి ఇంకో తిరనాళ్ల వచ్చింది. ఆయన ప్రిన్సిపాల్ అయి, ఇక తన పేరుకొచ్చే నష్టమేమీ లేదని తేలాక సంతకం పెట్టారు. ఆ మనిషి మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

సవరణ పడింది. చివరి పేజీలో, గాజు సామాన్ల ప్రకటన కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను రాసిన రెండు వాక్యాల్నీ కత్తిరించి, నమూనాల సేకరణలో కొంత లోపం జరిగిందని మాత్రం వేశారు. అది పట్టుకుని ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

“కొంత లోపమన్నారు గాని, ఫలితం తప్పని ఎక్కడుంది మేడమ్?”

ఎక్కడా లేదు. నా ఒళ్లు మండింది అందుకే. ఈసారి నా చేత్తో నేను బావిలోంచి తోడి, పరీక్షించి, ఫ్లోరైడు హద్దు మీరి ఉందని తేల్చి, ఆ అంకెలు పత్రికకు పంపాను. కొత్త వ్యాసంగా రాసి పంపండి, వరసలో పెడతామన్నారు. ఆ వరస కదలలేదు. సంపాదకుడు మారాక, నా పోరు పడలేక కాబోలు, ఆ వ్యాసం చెల్లదని ఒక్క ముక్క తిన్నగా వేశారు. అది చూశాక గాని ఆఫీసులో ఫైలు కదల్లేదు.

మా లైబ్రరీలో పాత సంచికలు బైండు చేసి ఉంచారు. అందులో మా వ్యాసం శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా కూర్చుని ఉంది. దాని నెత్తిన ఇది తప్పు అని పెన్సిలుతో రాశాను. పుస్తకం పాడు చేశానని లైబ్రేరియన్ నాతో తగువు పెట్టుకుని, నా ఎదుటే రబ్బరుతో చెరిపేశాడు.

దశాబ్దం చివర్లో మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. వీధి మొదట్లో కుళాయి ఉంది, పెట్టి ఏడాదే అయిందట. ఆవిడ ఇంట్లో చుట్టాల బిందె బోర్లించి ఉంది. చిన్నపిల్ల బడి నుంచి వచ్చి నాకు కుళాయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తియ్యగా ఉన్నాయి. పాలపళ్లు ఊడి, బావి నీళ్లు తాగిన రోజుల్లోనే చిగుళ్లలో తయారైన కొత్తవి వచ్చిన వయసు. పంతులమ్మలకు కూడా దాహమేస్తుందా అని అడిగింది. నేను నవ్వాను. తనూ నవ్వబోయి, అక్కలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.