పలికిన ముక్కలు

ఆడవాళ్ళం కలిసి కూరగాయలు ఎండబెట్టి అమ్మే మా షెడ్డులో ‘ఎండాయి’ అనే మాట లేదు. ‘పలికాయి’ అంటాం. ఎండబెట్టిన క్యారెట్ ముక్కల్ని స్టీలు గిన్నెలో వేసి చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. అనకపోతే అవి మూగముక్కలు. మళ్ళీ ట్రేల్లోకెక్కి ఎండకు పోవాల్సిందే.

గిన్నె ఆడించే పని పెద్దమ్మది. వరసకు ఎవరికీ ఏమీ కాదు, అందరికీ పెద్దమ్మే. మోకాళ్ళు అరిగి కింద కూర్చోలేదు, వేళ్ళు వంకర్లు పోయి కత్తి పట్టలేదు. మిగిలింది చెవి ఒక్కటే. ఆమె ‘పలికాయి’ అన్నాక ఇంకొకరు గిన్నె ముట్టుకుంటే ఆ రోజంతా మూతి ముడుచుకుని కూర్చునేది.

ఇంట్లో ఆమెకు అంత దర్జా ఎక్కడిది? కోడలు మామూలు రోజుల్లో ‘ఏయ్, జరుగు’ అనేది. షెడ్డు డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం మాత్రం “అత్తయ్యా, టీ తాగుతారా?” అని అడిగేది. ఆ ‘తారా’ కోసమే పెద్దమ్మ ప్రాణం పెట్టి పనిచేసేదని నా అనుమానం. ఒకసారి అంటే పకపకా నవ్వింది, కాదనలేదు.

ఈమధ్య పిలిస్తే పలకడం మానేసింది. “పెద్దమ్మకు పొగరెక్కిందే!” అని మేం ఆటపట్టించేవాళ్ళం. పొగరు కాదు, చెవులు పోతున్నాయని మాకు తర్వాతగానీ తెలీలేదు. ఆ సంగతి కడుపులోనే దాచుకుని, ముక్కల్ని వేళ్ళతో నొక్కి చూసి, మాకోసం ఊరికే గిన్నె ఆడించేది. ఎండ బాగా కాసినన్నాళ్ళూ అదీ సరిపోయింది.

తర్వాత మబ్బు పట్టింది. మందంగా కోసిన ముక్కలు పైపైన గట్టిపడ్డాయి, లోపల తడి అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ నొక్కింది, ఆడించింది, మా మొహాలు చూసింది.

“పలికాయి” అంది.

మేం ప్యాకెట్లు అంటించేశాం.

మా సరుకు కొనేది ఒకే ఒక్క కొట్టాయన. డబ్బులివ్వాల్సిన రోజున ఆయన వ్యాను వచ్చింది, డబ్బుతో కాదు, మా ప్యాకెట్లతోనే. ప్రతిదాన్లోనూ తెల్లటి బూజు.

“ఇక మీ సరుకు నాకొద్దమ్మా” అని గుమ్మంలో దింపేసి పోయాడు.

“పెద్దమ్మా, అవి నిజంగా పలికాయా?” ముక్కలు కోసే పిల్ల వెనకనుంచి గట్టిగా అడిగింది. ఆమె తిరగలేదు. మళ్ళీ అరిచింది. తిరగలేదు. మాకు అప్పుడర్థమైంది.

ఎదురుగా వెళ్ళి భుజం పట్టుకుంటే పెద్దమ్మ భోరుమంది.

“చెబితే నన్ను రానిచ్చేవాళ్ళా మీరు?”

మాకు తిట్టాలని ఉంది, తిట్టినా వినపడదు. మొత్తం అందరి కొంపా మునిగింది, ఆమెది అందరికంటే ముందు. షెడ్డుకు తాళం వేసి, ఆమెను ఇంటిదాకా నేనే దింపాను.

కబురు మాకంటే ముందే చేరింది. కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

“చేసిన ఘనకార్యం చాలు. ఇక ఆ మూలన పడుండు.”

పెద్దమ్మ కోడలి పెదాలకేసి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చీర సవరించుకుంది.

“ఆఁ, టీ తాగుతానమ్మా” అంది.