ఉల్టా చుట్టిన ఈగ

పోయిన నెలలో ఒక పొద్దున తార్నాక చౌరస్తా దగ్గర టిఫిన్ సెంటర్‌లో నిలబడి ఇడ్లీ తింటుంటే జేబులో ఫోన్ కుయ్యిమంది. మా ఈగల బృందంలో ఉన్న పరిశోధక విద్యార్థిని పంపిన సందేశం. ఈగలంటే మీరు అనుకునేవి కావు. గాలం ముల్లుకు కోడి ఈకా, దారమూ చుట్టి, నీళ్ళమీద పురుగు వాలిందని చేప భ్రమపడేటట్టు చేసే బొమ్మ ఈగలు. వాటిని కట్టడం, కట్టే పద్ధతి ఒకరికొకరం చెప్పుకోవడం మా పదిమంది పిచ్చి. ఆ అమ్మాయి మా అందరి ఈగలనూ ఒక చిన్న పుస్తకంగా కూరుస్తోంది. "సార్, మీ నల్ల ఈగ పేజీ రాస్తున్నా. అన్నిటికీ దారం మన దగ్గర్నుంచి అవతలికి చుడతాం కదా, దీనికి మాత్రం అవతలి నుంచి మనవైపుకు చుట్టమంటారు. ఎందుకో మీ మాటల్లోనే రాస్తా. కనిపెట్టింది మీరే కదా" అని అడిగింది. ఇడ్లీ ముక్క చట్నీలో మునిగి అక్కడే ఉండిపోయింది. ఎందుకో నాకు తెలియదు. కనిపెట్టింది కూడా నేను కాదు.

ఆ నల్ల ఈగ గొప్పతనం ముందు మీకు చెప్పాలి. ఘట్‌కేసర్ దాటాక ఒక చెరువులో, దాంతో నేను ఐదు కిలోల కొర్రమట్టను పట్టాను. గాలం కర్ర విల్లులా వంగింది. చేప నన్ను నడుము లోతు నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. గట్టు మీద బర్రెలు కాస్తున్న ముసలామె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నలభైమంది విద్యార్థుల ముందు ఈ కథ చెప్పాను, ఒక్కరూ అనుమానపడలేదు. మీ దగ్గర దాచడమెందుకు, ఐదు కాదు, మూడు. ముసలామె దండం పెట్టలేదు, "నా బర్లు బెదురుతున్నయ్, నీ కట్టె తీస్కొని అవతలకి పో" అని తిట్టింది. ఇంకా గుచ్చి అడిగితే కిలోన్నర. ఇంకా అడిగితే ఆ చేపను పట్టింది నేను కాదు, మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. నీళ్ళలో పడింది మాత్రం నేనే, చేప ప్రమేయం లేకుండా, పాచి మీద కాలు జారి.

షడ్డకుడిది మౌలాలి. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు. నేను క్యాంపస్‌లో కీటకాల గురించి పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, బొమ్మ ఈగల మీద కూడా నాకే హక్కు ఉన్నట్టు ప్రవర్తించేవాణ్ని. ఆయనకు ఈగ కట్టడం నేర్పింది నేనే, ఇందులో అతిశయోక్తి లేదు. మా ఇంట్లో భోజనాల బల్లకు చెరోవైపు కూర్చునేవాళ్ళం. ముల్లును కదలకుండా పట్టుకునే బిగింపు ఆయనే పనికిరాని ఇనుప ముక్కల్తో రెండు చేసుకొచ్చాడు, ఒకటి నాకు, ఒకటి తనకు. ఈకల కోసం మాణికేశ్వర్ నగర్‌లో ఒక కోళ్ళ దుకాణానికి వెళ్ళేవాళ్ళం. పుంజు మెడ ఈకలే కావాలని నేను పట్టుబడితే దుకాణదారు, "సార్, అందరు కోడిని తీస్కపోయి ఈకలు ఇడిచిపెడ్తరు, మీరేంది ఉల్టా?" అని నవ్వేవాడు. నేను కట్టిన ఈగలు అద్దాల బీరువాలో పెట్టుకునేంత అందంగా ఉండేవి, చేపలు కూడా వాటిని అద్దంలోంచి చూసినట్టే చూసి వెళ్ళిపోయేవి. ఆయన బండ వేళ్ళతో కట్టిన నల్ల ఈగ చింపిరి జుట్టులా ఉండేది. దాన్ని మాత్రం మింగేవి. ఎందుకో ఆయన్ని అడగలేదు. గురువు శిష్యుణ్ని అడుగుతాడా?

మా బృందంలో ఒక ఆచారం ఉంది. నెలకొక ఆదివారం క్యాంపస్‌లో ఒక పాత తరగతి గదిలో కూడి, ఒక్కొక్కరూ ఒకే రకం ఈగను ఎంతమంది ఉంటే అన్ని కట్టుకొచ్చి, మిఠాయి డబ్బాలో పెట్టాలి. కట్టే పద్ధతి చీటీ రాసి పక్కన ఉంచాలి. వెళ్ళేటప్పుడు అందరి డబ్బాల్లోనూ అందరి ఈగలూ ఉంటాయి. చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం నా దగ్గర పెట్టడానికి పనికొచ్చేది ఏదీ లేదు. షడ్డకుడి నల్ల ఈగ ఒకటి ముందర పెట్టుకుని, అది ఎలా తిరిగితే అలాగే దారం తిప్పుతూ, అప్పట్లో ఉన్న పన్నెండుమందికీ పన్నెండు కట్టాను. చీటీలో పద్ధతి రాసి, కింద నా సంతకం పెట్టాను. ఒక పెద్ద ప్రొఫెసర్ భూతద్దంలో చూసి, "దారం ఇటు తిరిగిందేమిటండీ?" అన్నారు. నేను తడుముకోలేదు. చెరువులో గాలి ఒడ్డువైపు కొట్టేటప్పుడు ఈక విచ్చుకుంటుందనీ, పురుగు రెక్క కొట్టుకున్నట్టు ఉంటుందనీ, పదేళ్ళ పరిశీలన అనీ చెప్పాను. పరిశీలన వయసు అప్పటికి పది నిమిషాలు. విచిత్రమేమిటంటే, తర్వాత చాలామంది అది నిజమేనని, అలా చుడితేనే చేప పడుతోందని వచ్చి చెప్పారు. నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను.

ఆ గదిలో వెనక బెంచీ మీద షడ్డకుడు కూర్చుని ఉన్నాడు. మొదటిసారి నేనే రమ్మన్నాను. డ్యూటీ దిగి నేరుగా, నూనె మరకల చొక్కాతోనే వచ్చాడు. అంతా విన్నాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఈగల ఊసు ఆయన ఎత్తలేదు, ఎత్తే ధైర్యం నాకు లేదు. ఆయన ఈగను దొంగిలించి ఆయన కళ్ళముందే పంచిపెట్టానని, అందుకే నాకు దూరమయ్యాడని ఇన్నేళ్ళూ నేను వేసుకున్న లెక్క. ఇప్పుడది పుస్తకంలోకి ఎక్కబోతోంది. అచ్చులో పడ్డాక ఇంక ఆయనకు ముఖం చూపించలేను.

సందేశం వచ్చిన రోజు సాయంత్రమే మౌలాలి వెళ్ళాను. తలుపు తీసిన మరదలు, "ఏంది బావా, పండుగ లేదు, పబ్బం లేదు, తొవ్వ మర్శిపోయి వచ్చినవా?" అంది. షడ్డకుడు కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. నేను కూర్చోకుండానే, దారిపొడుగునా నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. ఆ నల్ల ఈగ నీదని, నాదని చెప్పుకున్నానని, పుస్తకంలో నీ పేరే రాయిస్తానని. ఆయన టీవీ గొంతు తగ్గించి, నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"గది నాదెట్లయితది అన్నా? నువ్వు నేర్పినదే గద."

"నేను నేర్పింది అట్లా చుట్టడం కాదు కదా!"

"నువ్వు టేబుల్‌కు అటు కూసున్నవ్, నేను ఇటు కూసున్న. నువ్వు దారం నీ దిక్కు నుంచి అవతలికి తిప్పుతున్నవ్. నాకేమో నా దిక్కు వస్తున్నట్టు కనవడ్డది. సరే, గిట్లనే గావొచ్చు అని నేను గూడ నా దిక్కే తిప్పుకున్న. తప్పు చుట్టిన్నని నాకు రెండేండ్లకు ఎరుకైంది. అప్పటికి చేపలు అలవాటు పడ్డయ్. ఇంగేం మారుస్త?"

నా ఈగనే ఆయన తప్పుగా నేర్చుకున్నాడు. ఆ తప్పును నేను తప్పు లేకుండా దొంగిలించాను. అయితే అది ఎవరిది? నేను దొంగనా, కానా? "మరి ఆ ఆదివారం తర్వాత ఎందుకు రాలేదు? కోపం రాలేదా?" అన్నాను.

"వచ్చింది. మస్తు వచ్చింది" అన్నాడు, మామూలు గొంతుతోనే. "ఈగ కోసం గాదు. మీటింగ్ అయినంక అందరు చాయ్ తాగుతున్నరు. గా పెద్దాయన నన్ను చూపెట్టి, ఈయన ఎవరు అని అడిగిండు. నువ్వేమన్నవో యాదికున్నదా?"

లేదు. ఇప్పటికీ గుర్తు రావడం లేదు, ఎంత తవ్వుకున్నా.

"బిగింపులు చేసే మనిషి అన్నవ్. షడ్డకుడు అనలేదు."

మరదలు చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "గిదా సంగతి! ఇన్నేండ్లు నాకు గూడ చెప్పలే" అని మొగుణ్ని కసిరి, నా వైపు తిరిగి, "నువ్వేమో బావా, ఈగ దొంగతనం అని గింత దూరం వచ్చినవ్!" అని నవ్వింది. ఆ నవ్వులో పడి ఆయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అలా ఎందుకన్నాను? ఈగ సంగతి బయటపడుతుందని భయపడ్డానా, చొక్కా మీది నూనె మరకలకు సిగ్గుపడ్డానా? మొదటిదే అని చెబితే నాకు మర్యాదగా ఉంటుంది. రెండోదే అయ్యుంటుందని అనుమానం. ఏళ్ళ తరబడి కథలు పెంచి చెప్పే అలవాటుకు శిక్ష ఇదేనేమో, నిజం కావలసినప్పుడు అది దొరకలేదు.

"వచ్చే ఆదివారం రా" అన్నాను. "ఏమని రమ్మంటవ్?" అన్నాడు. గ్లాసెత్తి చాయ్ తాగాను. చాయ్ మీద నాకు నమ్మకం ఉంది, నా నోటి మీద లేదు.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కాలో, మరదలు బలవంతాన పూసిన పౌడర్‌తో. ఆ పెద్ద ప్రొఫెసర్ ఇప్పుడు లేరు, ఆ రోజు ఉన్నవాళ్ళలో ముగ్గురమే మిగిలాం, తక్కినవాళ్ళంతా కొత్త పిల్లలు. నేను లేచి గొంతు సవరించుకుని, "ఈయన మా షడ్డకుడు. మా మరదలి భర్త. నల్ల ఈగ ఈయన చేతిది" అన్నాను. ఒక్క అక్షరం కూడా పెంచలేదు, నాకే వింతగా అనిపించింది. షడ్డకుడు కూర్చున్నచోటి నుంచే, "తప్పు చేతిది" అని దిద్దాడు. పుస్తకం అమ్మాయి కలం పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసి, "ఇంతకీ ఎవరి పేరు రాయమంటారు?" అంది. ఇంకా తేలలేదు. ఆ పేజీలో పేరుచోటు ఈ రోజుకీ ఖాళీగానే ఉంది.

తర్వాత ఆయన బిగింపులో ముల్లు పెట్టి, నల్ల ఈక తీసి, కట్టి చూపించడానికి సిద్ధమయ్యాడు. పిల్లలంతా బల్లకు అవతల గుమిగూడారు. "ఎదురుంగ నిలవడకుర్రి, ఉల్టా నేర్చుకుంటరు. నా పక్కకు రార్రి" అన్నాడు. అందరూ చుట్టూ తిరిగి వచ్చారు. నేనూ లేచి, బల్ల పట్టుకుని, మెల్లగా ఆయన భుజం పక్కకు చేరాను. అవే బండ వేళ్ళతో ఆయన దారం తిప్పుతుంటే చూస్తూ అనుకున్నాను, ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని చూసినందువల్లనేమో, ఆ దారంలాగే కాలం కూడా నా వైపుకు వస్తోందో, నా దగ్గర్నుంచి అవతలికి పోతోందో నాకు తెలియలేదు. పక్కకొచ్చి నిలబడ్డా, ఇంకా సరిగ్గా తెలియడం లేదు.