క్యారేజీలో ఖాళీ గిన్నె

మా అక్కకి ఆటిజం. బందరులో నేను ప్యాకింగ్ చేసే రోల్డ్‌గోల్డ్ నగల షెడ్డులోనే, గాజులకి రాళ్ళు అతికించే పనిలో చేరింది. కొన్నాళ్ళు చూసి పర్మినెంట్ చేస్తామన్నారు ఓనరు గారు. ఇదివరకు గుడివాడలో ఒక చోట ఆ చూడటం దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఇంట్లో అందరికీ గుబులుగానే ఉంది. అమ్మ మొక్కుకుంది. అమ్మ కరెంటు పోయినా మొక్కుకుంటుంది, అది వేరే విషయం.

ఓనరు గారు మంచాయనే. పాలిష్ మోటారు చప్పుడు అక్కకి పడదంటే ఆమె బల్లని వెనక గదిలోకి మార్పించారు. రేపటి పని ఈ రోజే చెప్పాలంటే సరేనన్నారు. ఇక భయం లేదనుకున్నాం. గండం గోంగూర రూపంలో వచ్చింది.

మా షెడ్డులో మధ్యాహ్నం అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి కూర వాళ్ళే తింటే అది భోజనం కిందికి రాదు. అడక్కుండానే పక్కవాళ్ళ అన్నంలో ఓ గరిటెడు వేసెయ్యాలి. అక్క పళ్ళెంలోనేమో ఒకటి ఇంకోదాన్ని తాకకూడదు. మొదటి రోజే అందరికన్నా పాతావిడ, మేమంతా పిన్ని గారూ అని పిలిచే ఆవిడ, అక్క పప్పన్నం మీద గోంగూర రొయ్యలు వేశారు. అక్క పళ్ళెం పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయింది. మర్నాడు వెనక గదిలో ఒక్కతే తింది.

సాయంత్రానికి పిన్ని గారు నా బల్ల దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకున్నారు.

"మా చేతి వంట పనికిరాదా నాయనా మీ అక్కకి? నలుగురితో కలవని మనిషి ఇక్కడెలా ఉంటుంది?"

"నా చేతి వంట కూడా ముట్టదండీ. దానికి కారణం వేరే అనుకోండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నేరుగా ఓనరు గారి దగ్గరికెళ్ళారు. ఆయన అందర్నీ కూర్చోబెట్టి ఆటిజం మీద ఉపన్యాసం ఇస్తానన్నారు. ఆయన బోనస్ గురించి మాట్లాడితేనే సగం మందికి నిద్రొస్తుంది.

ఉపన్యాసంతో పిన్ని గారు మెత్తబడరని, ఉద్యోగం పోయేలా ఉందని ఇంటికెళ్ళి అక్కకి చెప్పాను. అక్క నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు చాప చివర కూర్చుని, క్యారేజీలోంచి ఓ ఖాళీ గిన్నె తీసి పిన్ని గారి ముందు పెట్టింది.

"అన్నంలో వద్దు పిన్ని గారూ. ఇందులో వెయ్యండి."

పిన్ని గారు గిన్నె దగ్గరికి లాక్కుని, వంకాయ కూర వేశారు. గిన్నె చాపలన్నీ తిరిగి నిండుగా వచ్చింది. అక్క దానికి మూత పెట్టేసి తన పప్పన్నం తింది. ఉపన్యాసం రద్దయింది.

ఆ నెలలోనే పర్మినెంట్ చేశారు. రోజూ గిన్నె ఖాళీగానే తిరిగొస్తోందని పిన్ని గారికి మహా సంతోషం. ఎవరు ఖాళీ చేస్తున్నారో ఆవిడ అడగరు. పొట్ట మీద బిగుసుకుపోతున్న నా చొక్కా బొత్తాలు చూస్తే అడగక్కర్లేదు కూడా.