కనపడని రాయి, తప్పిన పాయింటు

మా కూతురి బిడ్డ భూమి అడుగున, వేల కిలోమీటర్ల లోతులో ఉండే రాళ్ల మీద కంప్యూటర్‌తో పరిశోధన చేస్తుంది. ఈ రోజు ప్రొద్దుటూరు వచ్చింది. నేనేమో నలభై ఏండ్లుగా అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోర్లకు నీళ్లు పడే పాయింటు చూసేవాణ్ణి.

“ఆ రాయిని కండ్లతో చూసినావా మే?” అని అడిగాను.

“ఎవరూ చూల్యా తాతా. అంత బరువు కింద రాయి ఎట్లుంటాదో లెక్కగట్టి చెప్తాం.”

“భలే పని పట్టినావే. తప్పు చెప్పినా ఆడికి పోయి చూసేదెవరు? నాదైతే రెండొందల అడుగులకే బయటపడతాంది.”

“పోయినేడాది నా లెక్క తప్పింది తాతా. తప్పని, దాన్ని అచ్చేసిన పత్రికకు నేనే రాసి పంపిచ్చినా.”

నేను చూపిన చోట నీళ్లు పడక దుమ్ము లేచినప్పుడల్లా, బోరు బండివాడు పైపు వంకరగా దించాడనే చెప్పాను.

సాయంత్రం రాజుపాలెం రైతు ఒకాయన పాయింటు చూడమని ఫోన్ చేశాడు. “వస్తా గానీ అప్పా, తప్పినా తప్పొచ్చు” అన్నాను. ఇంకొకరిని చూసుకుంటానని పెట్టేశాడు.

తప్పు ఒప్పుకున్నా మనవరాలి ఉద్యోగం పోలేదంట. తప్పొచ్చు అన్నందుకే నా బేరం పోయింది. రేపు ఇంకో రైతు ఫోన్ చేస్తే ఏం చెప్పమంటారో మీరే చెప్పండి. బండివాడైతే ఇంకా ఉన్నాడు.