నాదేముందండీ

నా చిన్నప్పుడు మా కృష్ణానగర్ సందులో నీళ్లకు కరువుండేది గానీ వినయానికి ఉండేది కాదు. సినిమాల వందరోజుల పండగల్లో పెద్ద పెద్ద హీరోలు గుండె మీద చెయ్యేసుకుని "ఇందులో నాదేముందండీ, అంతా మీ అభిమానం" అనడం చూసీ చూసీ, మా వీధిలో కాఫీ బాగుందన్నా అదే జవాబు వచ్చేది.

నాలుగో తరగతిలో పద్యాల పోటీలో నాకు మొదటి బహుమతిగా ఒక కప్పు ఇచ్చారు. అది సుమారు నీళ్ల ట్యాంకంత ఉండేదని నా జ్ఞాపకం. చెంచాడు పంచదార కూడా పట్టదని మా అమ్మ వాదన. దాన్ని చంకన పెట్టుకుని వీధిలో అడుగు పెట్టగానే సగం హైదరాబాదు నన్ను మెచ్చుకోడానికి కదిలొచ్చింది. తక్కువలో తక్కువ ఏడుగురు. ఎవరు శభాష్ అన్నా జడ నేలను ఊడ్చేంతగా వంగి "నాదేముందండీ" అన్నాను.

మా పక్కింటి తాత సినిమాలకు దుస్తులు కుట్టే దర్జీ. మెడలో టేపుతో గుమ్మంలో కూర్చుని అంతా విన్నాడు. ఏడోసారి నేను వంగినప్పుడు లేచొచ్చి కప్పు మెల్లగా తీసుకున్నాడు.

"నీదేం లేదంటున్నవ్ గద బిడ్డా. ఎవలిదో వాళ్లకే ఇచ్చొద్దాం, పా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేరుగా పాల దుకాణానికి వెళ్లి, "అన్నా, గీ కప్పు నీదా? పిల్లేమో నాది గాదంటుంది" అన్నాడు. పాలాయన అలవాటు కొద్దీ చెయ్యి గుండె మీద వేసుకుని "నాదేముందండీ" అన్నాడు. తర్వాత ఇస్త్రీ బండి అక్క. ఆవిడ కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాదైతే గాదు. ఎవ్వలూ రాకుంటే నాకియ్యి తాతా, నీళ్లు జల్లుకోను అక్కరకొస్తది" అని బండి మీద పెట్టేసుకుంది.

నా గుండె జారి చెప్పుల్లో పడింది. "అది నాదే," అన్నాను. "పదకొండు రోజులు చదివాను. మూడో పాదం దగ్గర నాలుక మడతపడుతుంటే ఏడ్చి ఏడ్చి చదివాను."

"గట్ల చెప్పు. ఒక్కదానివే చదివినవా?" అన్నాడు తాత.

ఆలోచించాను. అమ్మ చపాతీలు ఒత్తుతూ వినేది. నేను తప్పినప్పుడల్లా అప్పడాల కర్రతో పీట మీద టక్కున కొట్టి మళ్లీ మొదలెట్టించేది. ఆ మాట చెప్పగానే తాత బండి మీది కప్పు తీసి నా చేతిలో పెట్టి, "గిదే పోయి మీ అమ్మకు చెప్పు" అన్నాడు.

పరుగెత్తుకెళ్లి చెప్పాను, ఆ మూడో పాదం నీ వల్లే వచ్చిందమ్మా అని. అమ్మ మొహం వెలిగింది. పిండి చెయ్యి గుండె మీదకు పోయింది. "నాదే..." అని మొదలెట్టింది.

"అనకమ్మా, తాతొచ్చి చపాతీలు పట్టుకుపోతాడు" అన్నాను.

సంగతంతా విని అమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. తర్వాత, "అవునే, ఆ పద్యం నీకంటే ముందు నాకే వచ్చేసింది" అంది గర్వంగా. మా అమ్మ తనను తాను మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

అప్పటినుంచీ నన్నెవరైనా మెచ్చుకుంటే కష్టపడ్డానండీ అని ఒప్పుకుని, తోడున్నవాళ్ల పేరూ చెప్పేస్తాను. మెచ్చుకోవాల్సి వస్తే, ఆ పని చేసిన మనిషి ఎక్కడున్నారో వెతుక్కుంటూ పోతాను. మొన్న జూబ్లీ హిల్స్‌లో ఒక పెళ్లి విందుకి వెళ్తే, భోజనం బాగుందని లక్షమంది అతిథులూ పెళ్లివారినే పొగుడుతున్నారు. నేను వెనకవైపు పొయ్యిల దగ్గరకెళ్లి, ఇంత పులుసు అడుగంటకుండా ఎలా కాచారండీ అని వంటాయన్ను అడిగాను. ఆయన చేతులు తుడుచుకుని, నిటారుగా నిలబడి, "పొద్దుట్నుంచి గరిటె వదల్లేదమ్మా" అన్నాడు.

ఇంకో గిన్నెడు పోయించుకున్నాను.