పికప్పు కింద ఎర్ర చుక్కలు

తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి ముందు, ఒకరోజు తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు కనిపించాయి. మొదట చూసింది మా ఇంటి ఓనరమ్మ. చీపురు అక్కడే పడేసి వచ్చి నా తలుపు కొట్టింది.

"సారూ, మనింటి ముంగట ఎవరో నెత్తురు చల్లిపోయిన్రు. గిది బాణామతే."

ఆ చుక్కల మీద నిలబడి ఉన్నది మా డిపార్ట్‌మెంటు పికప్పు. అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్ని. రాళ్లు మోసుకురావడానికని ఆ బండి మాకు అమెరికా నుంచి దానంగా వచ్చింది. క్యాంపస్‌లో దానికి షెడ్డు లేదు. డ్రైవరు ఉండే మాణికేశ్వర్ నగర్ సందుల్లో పట్టదు. ప్రొఫెసర్‌గారి భార్య తన ముగ్గు దగ్గరికి రానివ్వలేదు. అలా నా వాకిట్లోకి చేరింది. దానికి క్లచ్చి లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. ఎడమకాలికి పనిలేక డ్రైవరు అలవాటుకొద్దీ ఉత్త రేకును తొక్కుతూ నడిపేవాడు.

నేను వేలు ముంచి వాసన చూశాను. "ఇది నూనె అమ్మా. బండిలోంచి కారుతోంది."

ఆవిడా వాసన చూసింది. "నూనెనే. నెత్తురుల నూనె గలిపిన్రు" అని లోపలికి వెళ్లి, నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది చక్రానికొకటి పెట్టింది.

ఇంతలో డ్రైవరు వచ్చాడు. వంగి చూసి, "బ్రేక్ ఆయిల్ సాబ్. బ్రేకులు ఖతం" అన్నాడు. క్యాంపస్ దాకా నడకవేగంతోనే తీసుకుపోతానన్నాడు. జనం తప్పుకోవడానికి నేను ఎర్ర తువ్వాలు పట్టుకుని ముందు నడవాలి. నడిచాను. చక్రాలకింద నలిగిన నిమ్మకాయలు, వెనక మెల్లగా వచ్చే బండి, ముందు తలవంచుకుని నేను. ఎదురొచ్చిన ఒక పెద్దాయన సైకిల్ దిగి, చెప్పులు విడిచి, బండికి చేతులు జోడించాడు. డిపార్ట్‌మెంటు ముందు డ్రైవరు బ్రేకు తొక్కితే బండి ఠక్కున ఆగింది.

ప్రొఫెసర్‌గారు బండితో వచ్చిన పుస్తకం తిరగేశారు. "ఎర్రగా ఉండేది గేరుబాక్సు నూనెటయ్యా. కారితే దగ్గర్లో ఉన్న మా డీలరును సంప్రదించండి అంటున్నాడు." ఆ డీలరు సముద్రాలకవతల ఉన్నాడు. పుస్తకం మూసి, "మనమే చూద్దాం" అన్నారు.

బండి కడుపంతా నూనె, దుమ్ము. ఎక్కణ్ణుంచి కారుతోందో తెలియడం లేదు. కిరసనాయిలుతో కడిగించి, తుడిపించి, సుద్దపొడి చల్లమన్నారు. సుద్దముక్కలకు యూనివర్సిటీలో కొదవేముంది? దంచి పొడిచేసి బండి కడుపంతా తెల్లగా అద్దాం. ఇంజను ఆన్ చేయించి, ఆయనా నేనూ పక్కపక్కన బోర్లా పడుకుని చూస్తూ ఉన్నాం. కాసేపటికి గేరుబాక్సు అడుగున నూనె నిలిచే రేకుతొట్టి మూలనుంచి, తెలుపు మీద సన్నటి ఎర్రగీత దిగింది.

"దొరికింది" అన్నారాయన, మీసాలకు సుద్ద అంటుకుని.

ఇంజను ఆపాం. ఎనామిల్ ట్రేలోకి నూనె పట్టి తొట్టి విప్పితే, మధ్యలో ఉండాల్సిన కార్కు ప్యాకింగు ఎండిన రొట్టెలా పొడిపొడిగా రాలింది. పెద్ద కార్కు షీటు ఉన్నది ఒక్క జంతుశాస్త్రం వాళ్ల దగ్గరే, పురుగులను గుచ్చిపెట్టే పెట్టెల అడుగున. అక్కడి లెక్చరరు నా స్నేహితుడు.

"తీసుకో. నా సీతాకోకచిలుకలను ఎక్కడ గుచ్చమంటవ్?"

ఇంటికి పరుగెత్తి, ఓనరమ్మను అడిగి పందిరి మీది సొరకాయలు రెండు పట్టుకొచ్చాను. అతను ఎంతో శ్రద్ధగా, జాతుల వారీగా, సీతాకోకచిలుకలను సొరకాయలకు గుచ్చాడు.

మొదటి ప్యాకింగు పెట్టగానే డ్రైవరు బోల్టులను బలంకొద్దీ బిగించాడు. కార్కు పక్కలకు పొంగి చీలిపోయింది. మిగిలిన ముక్కలోంచి రెండోది కోశాం. సూదిబెజ్జాలను వార్నిష్‌తో పూడ్చాం. ఈసారి బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించాం. ట్రేలో నూనెను మల్లుగుడ్డలో వడకట్టి, బండితో వచ్చిన డబ్బాలోది కలిపి పోశాం. మళ్లీ సుద్ద అద్ది ఇంజను నడిపితే, అది తెల్లగానే ఉండిపోయింది.

కొత్త పెట్టె వచ్చేదాకా సొరకాయలు నా దగ్గరే పెట్టుకోమన్నాడు స్నేహితుడు. నేను వాటిని రెండు చంకల్లో పెట్టుకుని బండి దిగుతుంటే ఓనరమ్మ చూసింది. తన సొరకాయల నిండా రెక్కలు. బండి కింద పొడినేల.

"కారుడు బందయింది గద సారూ. నువ్వేం జేసినవో నేనడగ" అంది.

ఆ వారంలోనే వీధి చివరాయన, స్కూటరు స్టార్ట్ కావడం లేదని, ఒక సొరకాయ పట్టుకుని వచ్చాడు. నేను ప్లగ్గు తుడిచి ఇచ్చాను. స్టార్టయింది. సొరకాయ మాత్రం వద్దన్నా నా గడపలో పెట్టి వెళ్లాడు.

తర్వాత రాళ్ల కోసం ఊళ్ల వైపు వెళ్లాం. ఆగిన ప్రతిచోటా ప్రొఫెసర్‌గారు సూటుతోనే రోడ్డు మీద పడుకుని బండి కిందికి చూసేవారు. ఒక ఊళ్లో జనం మూగి, వాళ్లూ వంగి చూశారు.

"ఏం పోయింది సారూ?" అని ఒకాయన అడిగాడు.

"ఏం పోలేదు," అన్నారు ప్రొఫెసర్‌గారు కింద నుంచే. "అదే చూస్తున్నా."

అడిగినాయన కూడా పక్కన పడుకుని చూశాడు.